బ్రాడీపేటలో పాస్టరమ్మ గారి లేడీస్ హాస్టల్: ఉండి రాస్తున్న రివ్యూ

గుంటూరులో కోచింగ్‌కి వచ్చే ఆడపిల్లకి క్లాసులకంటే ముందు పట్టుకునే టెన్షన్ హాస్టల్. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, ఏ లైన్లోకి వెళ్లినా లేడీస్ హాస్టల్ బోర్డులే. ఫోన్ చేస్తే అందరూ ఒకటే చెప్తారు: ఇంటి భోజనం, ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు, సీసీ కెమెరాలు. చేరాక గానీ అసలు సంగతి తెలీదు. అందుకని నేను ఉంటున్న హాస్టల్ గురించి మంచీ చెడూ రెండూ కాస్త వివరంగా రాస్తున్నాను. ముఖ్యంగా టీచరు పోస్టుల డీఎస్సీకో గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో ఏళ్ల తరబడి చదువుతూ, పండక్కి ఇంటికి వెళ్లాలంటేనే గుండె దడ వచ్చే స్థితికి చేరిన అమ్మాయిలు ఇది చదవాలని నా కోరిక.

దీనికి బోర్డు లేదు. చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో, టిఫిన్ బండ్ల దగ్గర "పాస్టరమ్మ గారి హాస్టల్" అంటే చూపిస్తారు. లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు రాయొద్దని అమ్మగారు అన్నారు. ఆడపిల్లలు ఉండే ఇల్లు కాబట్టి ఆ మాట సబబే. శంకర్ విలాస్ సెంటర్ నుంచి నడిచి వెళ్లే దూరం అని మాత్రం చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది నరసరావుపేట దగ్గర పల్లె. నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిదాన్ని. ఎమ్మే తెలుగు, ఆపైన తెలుగు పండిట్ ట్రైనింగ్. 2018 తర్వాత డీఎస్సీ మళ్లీ 2025లో గానీ జరగలేదు. ఆ మధ్యకాలంలో నాతోపాటు చదివిన వాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు బడికి వెళ్తున్నారు. మా కుటుంబం తాతల కాలంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చింది, సర్టిఫికెట్‌లో బీసీ-సీ అని ఉంటుంది. ఆ గ్రూపుకి రిజర్వేషన్ ఒక్క శాతం. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ అని పేపర్ల నిండా వచ్చినా, జిల్లాలో మా సబ్జెక్టుకి మా రోస్టర్ పాయింటు, అంటే రిజర్వేషన్ వరసలో మా గ్రూపుకి వచ్చే పోస్టు, తగలకపోతే ఓపెన్‌లో కొట్టుకు రావాల్సిందే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ హాస్టల్లో అడుగుపెట్టేనాటికి నా గురించి నాకున్న అభిప్రాయం ఏమిటో తెలియాలి కాబట్టి. పోస్టు వస్తే మనిషిని, రాకపోతే ఇంటికి బరువు. అంతకు మించి నా దగ్గర వేరే లెక్క లేదు.

అంతకుముందున్న హాస్టల్ పేరు రాయను. అక్కడ అద్దె ఆలస్యమైన వాళ్ల పేర్లు మెస్ గోడకి తగిలించిన బోర్డు మీద రాసేవాళ్లు. కంచం పట్టుకుని సాంబారు కోసం నిలబడితే మన పేరు మనకే ఎదురుగా కనపడుతుంది. వెనక నిలబడిన వాళ్లకీ కనపడుతుంది. నేను అప్పట్లో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పే చోట జీతం ఆగినప్పుడల్లా నా పేరు ఆ బోర్డు మీద ఉండేది.

ఇప్పుడు ఈ హాస్టల్ సంగతి. కింద అమ్మగారి కుటుంబం, వంటిల్లు, మెస్ హాలు. పైన రెండంతస్తుల్లో గదులు. నలుగురుండే గది భోజనంతో కలిపి నెలకి 5,500, ముగ్గురుండే గది 6,000. మంచం, తాళం వేసుకునే చిన్న బీరువా వాళ్లే ఇస్తారు. పరుపు, బకెట్టు, కంచం మనం తెచ్చుకోవాలి. తాగడానికి ఆర్వో నీళ్లు. ఇన్వర్టర్ ఉంది గానీ ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే. వైఫై ఉంటుంది, ఆన్‌లైన్ మాక్ టెస్టుకి పూర్తిగా దాన్ని నమ్ముకోవద్దు, మొబైల్ డేటా పక్కన పెట్టుకోండి.

చేరిన రోజు అమ్మగారు ఆధార్ జిరాక్సు, నాన్న ఫోన్ నంబరు, అడ్వాన్సు తీసుకున్నాక ఇంకో పుస్తకం తెరిచారు. ఎర్ర బైండింగుతో పొడుగ్గా ఉండే పద్దుల పుస్తకం. నేను డబ్బుల లెక్కే అనుకున్నాను. చూస్తే ఒక్కో పేజీకి ఒక్కో అమ్మాయి పేరు. కొత్త పేజీలో నా పేరు, ఊరు రాసి, "నీకోసం ఏమని ప్రార్థన చెయ్యాలమ్మా?" అన్నారు.

"డీఎస్సీ రావాలనండీ."

రాసుకున్నారు. పెన్ను కింద పెట్టలేదు. "అది ఉద్యోగం సంగతి. మరి నీకోసం?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. "అదేనండీ నాకోసం" అన్నాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసి, "అన్నం సయిస్తుందా? నిద్ర పడుతుందా?" అని అడిగారు. ఎంతకాలంగానో నన్ను పలకరించిన ప్రతివాళ్లూ సిలబస్ ఎంతవరకు అయిందనే అడిగారు. నిద్ర గురించి మా అమ్మ తప్ప ఎవరూ అడగలేదు. "నిద్ర సరిగ్గా పట్టట్లేదండీ" అనే మాట నోట్లోంచి రావడానికి టైం పట్టింది. ఆవిడ దాన్ని డీఎస్సీ కింద కాదు, డీఎస్సీ పైన మిగిలిన ఖాళీలో ఇరికించి రాశారు. ఆ తర్వాత పొద్దున్నే టిఫిన్ పెడుతూ "పట్టిందా తల్లీ?" అని అడగడం అలవాటైపోయింది. మాక్ టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయని ఇప్పటిదాకా ఆవిడ నోట వినలేదు.

ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. పాస్టరు గారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక మేడ మీద గదులు ఖాళీగా ఉంటే పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారట. బాకీల లెక్క కూడా ఉంటుంది, ఉండకుండా ఎలా నడుస్తుంది? అది వేరే చిన్న నోటుబుక్కు. అది ఆవిడ గది దాటి రాదు. ఎవరికైనా ఆలస్యమైతే పిలిచి, తలుపు దగ్గరికి వేసి, ఎప్పటికి ఇవ్వగలవో అడుగుతారు. చెప్పిన తేదీకి ఇవ్వాలి. అక్కడ మెతక లేదు. మళ్లీ మళ్లీ తేదీ తప్పిన ఒక అమ్మాయి వాళ్ల నాన్నకి ఫోన్ చేశారు కూడా. కానీ ఆ సంగతి పక్కగదిలో ఉన్న మాకు ఆ అమ్మాయే తర్వాత చెప్తే తెలిసింది.

తిండి బాగుంటుంది. పొద్దున ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, పొంగలి మార్చి మార్చి పెడతారు. ఎనిమిదికల్లా బాక్సు సర్దుకోవచ్చు. దొండకాయ వేపుడు, గోరుచిక్కుడు, పప్పు తోటకూర, వారానికోసారి గుడ్డు, ఆదివారం చర్చి అయ్యాక కోడికూర. సాంబారు పల్చన. పెరుగు మాత్రం గడ్డగా ఉంటుంది. కారం తక్కువ తినే ఉత్తరాంధ్ర పిల్లలు మొదట్లో ఇబ్బంది పడతారు, చెప్తే విడిగా తీస్తారు. ఇక గోంగూర పచ్చడి గురించి ఎంత రాసినా తక్కువే. ఎండుమిరపకాయలు వేయించి రోట్లో నూరించి, పైన ఉల్లిపాయ ముక్కలు వేసి పెడతారు. సెలవులకి ఇంటికెళ్లే పిల్లలు సీసాల్లో పట్టుకెళ్తారు.

ఆ గోంగూర దగ్గరే నాకు ఈ రివ్యూలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం జరిగింది.

రోజూ రాత్రి ఎనిమిదింటికి మెస్ హాల్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట, ఒక వాక్యభాగం, ప్రార్థన. అంతా కలిపి భోజనాలకి ముందే అయిపోతుంది. ఆ సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా మొరాయించింది. అందరం డాబా ఎక్కాం. మర్నాటి పచ్చడికి తెచ్చిన గోంగూర కట్టలు రెండు పెద్ద బేసిన్లలో పైకి తెచ్చుకుని చుట్టూ కూచుని ఆకులు తుంచుతున్నాం. వెలుతురు లేదు కాబట్టి అమ్మగారు బైబిలు తెరవకుండా నోటికి వచ్చిన వచనాలు చెప్పారు. మత్తయి సువార్తలో రెండు పిచ్చుకలు ఒక కాసుకి అమ్ముతారని ఉంది. లూకాలో, "అయిదు పిచ్చుకలు రెండు కాసులకు అమ్మబడును గదా, అయినను వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు" అని ఉంది.

"లెక్క చూడండమ్మా, పరీక్షలు రాసేవాళ్లు కదా" అన్నారు.

కాసుకి రెండయితే రెండు కాసులకి నాలుగు. అందరం ఒకేసారి చెప్పేశాం.

"మరి అయిదోది?"

నా రూమ్మేట్ ఒంగోలు పిల్ల టక్కున "కొసరండీ" అంది.

"కొసరే. దానికి ధరే లేదు. బేరంలో ఊరికే వేసిన పిట్ట. ఒక్కటి కూడా మరుపు లేదని యేసు ప్రభువు అన్నది దాన్ని కూడా కలుపుకునే కదా" అని, అంతటితో ఆపి మళ్లీ ఆకులు తుంచుకోవడంలో పడ్డారు.

నా చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది. ముగ్గురాడపిల్లల తర్వాత నాలుగో కాన్పులో పుట్టినదాన్ని. "మళ్లీ ఆడపిల్లేనా" అని మా నాన్నని అడిగినవాళ్లు, నేను ఎదురుగా ఉండగానే ఆ కథ తిరిగి తిరిగి చెప్పుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామంది. ఈ రెండు వచనాలూ నాకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. సండే స్కూల్లో కంఠతా చెప్పి ప్రైజుగా స్టీలు గ్లాసు కూడా తెచ్చుకున్నాను. అయినా వాటిని పక్కపక్కన పెట్టి ఎవరూ నాకు చూపించలేదు. ధర పలకని పిట్ట కూడా ఆయన లెక్కలో ఉందన్న మాట, నేను ఏ బోర్డు మీద పేరు చూసుకుని తలదించుకున్నానో ఆ బోర్డుకి ఎదురుగా వచ్చి నిలబడినట్టు అనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టింది. పొద్దున అమ్మగారు అడిగినప్పుడు మామూలుగానే "పట్టిందండీ" అన్నాను గానీ, ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది.

ఇలాంటివి విని, మతం పేరుతో ఆడపిల్లల్ని ఓదార్చి కూచోబెడతారేమో అనుకునేవాళ్లు ఉంటారు. అలాంటిదేమీ లేదు. ఆవిడ చెప్పే కథలన్నీ పని చేసినవాళ్ల కథలే. గుంటూరు వాళ్లందరికీ కుగ్లర్ ఆసుపత్రి తెలుసు. ఆ ఆనా కుగ్లర్ దొరసాని కథ అమ్మగారికి ప్రాణం. 1883లో ఆవిడ గుంటూరు వచ్చేనాటికే డాక్టరు. కానీ అమెరికాలోని లూథరన్ మిషను వాళ్లు డాక్టరుగా పంపలేదు, ఆడవాళ్ల మధ్య బోధన పనికి పంపారు. ఆవిడ ఆ పని చేస్తూనే రోగుల్ని చూసింది. 1885లో గానీ వైద్య మిషనరీగా నియామకం రాలేదు. ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నది 1898లో. 1930లో కన్నుమూసేదాకా ఇక్కడే. "ఆర్డరు కాగితం రావడానికి రెండేళ్లు పట్టింది. కాగితం రాకముందు ఆవిడ డాక్టరు కాదంటారా?" అని అమ్మగారు అడిగితే హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మాలో సగం మందిమి ఆర్డరు కాగితం కోసం ఎదురుచూస్తున్నవాళ్లమే.

తెలుగు చదివినదాన్ని కాబట్టి నేను ఒకటి కలిపాను. మా సిలబస్‌లో జాషువా గారు ఉంటారు. వినుకొండలో పుట్టి, ఇదే గుంటూరులో లూథరన్ చర్చి వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పాఠాలు చెప్పారు. కులం పేరుతో ఎన్ని అవమానాలు పడ్డారో అందరికీ తెలుసు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆయన రాసిన క్రీస్తు చరిత్రకే. పరీక్ష కోసం సంవత్సరాలు, బిరుదులు బట్టీ పట్టాను గానీ, నేను రోజూ నడిచే ఊళ్లో, మాలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి తల ఎత్తుకుని పద్యం చెప్పాడన్నది ఆ రోజు ప్రార్థనలో చెప్తున్నప్పుడు గానీ నాకే ఒంటికి తగల్లేదు.

డీఎస్సీ సంగతి చెప్పాలి. 2025 జూన్‌లో కంప్యూటర్ మీద పరీక్ష. రాతపరీక్షకి 80, టెట్ (టీచరు అర్హత పరీక్ష) వెయిటేజీకి 20. సెప్టెంబరులో ఎంపిక జాబితా వచ్చింది. నా పేరు లేదు. మా హాస్టల్లో ఇద్దరికి వచ్చింది. ఆ రాత్రి అమ్మగారు సేమ్యా పాయసం చేయించి అందరికీ పెట్టారు. వచ్చినవాళ్లని కౌగిలించుకున్నారు. నా దగ్గరికి వచ్చి "దేవుడు నీకు ఇంకా పెద్దది దాచాడు" లాంటి మాట ఏదన్నా అంటారేమోనని భయపడ్డాను. అలా అనలేదు. నా గిన్నెలో జీడిపప్పు వేసి, "రేపు వాక్యం నువ్వు చదువమ్మా. తెలుగు నీ అంత స్పష్టంగా ఇక్కడ ఎవరూ చదవరు" అన్నారు.

ఇచ్చింది మత్తయి మూడో అధ్యాయం, యేసు బాప్తిస్మం తీసుకునే చోటు. ఆకాశం నుంచి శబ్దం వస్తుంది: "ఈయనే నా ప్రియకుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను." అక్కడ ఆపమన్నారు. "ఇప్పటిదాకా ప్రభువు ఏం చేశారో వెనక్కి తిప్పి చెప్పు" అన్నారు. తిప్పాను. పుట్టడం, ఐగుప్తుకి పారిపోవడం, నజరేతులో ఉండటం. ఒక్క అద్భుతం లేదు, ఒక్క ప్రసంగం లేదు, శిష్యుడు ఒక్కడు కూడా లేడు. పని మొదలే కాలేదు. తండ్రి సంతోషం మాత్రం ముందే చెప్పేశాడు. "ఇప్పుడు తర్వాతి అధ్యాయం మొదట్లో అపవాది, అదే సాతాను, ఏమంటున్నాడో చదువు." "నీవు దేవుని కుమారుడవైతే" అని ఉంది. రాళ్లని రొట్టెలు చేసి చూపించు అని. రుజువు అడిగినది ఎవరో, అడగనిది ఎవరో ఆ రెండు పేజీల మధ్య నాకు కనపడింది. జాబితా చూసుకున్న దగ్గర్నుంచీ నన్ను నేను అడుగుతున్నది ఆ రెండో గొంతుతోనే.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి రాయాలి. మన కూడికల్లో లేచి సాక్ష్యం, అంటే దేవుడు తమకి చేసిన మేలు, చెప్పేది ఎవరు? వీసా వచ్చినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు, సంబంధం కుదిరినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు. వాళ్లు చెప్పడం మంచిదే, దేవునికి స్తోత్రం. కానీ వెనక బెంచీలో కూచున్న పిల్లకి, దేవుడు అందరి ఇంటికీ వచ్చి మన గుమ్మం దాటి వెళ్లిపోయాడనిపిస్తుంది. నాకు చాలా ఏళ్లు అలాగే అనిపించింది. "పోస్టు రాగానే సాక్ష్యం చెబుదువు గాని" అని మా ఊళ్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అనేవాళ్లు. అంటే అప్పటిదాకా నా దగ్గర చెప్పడానికేమీ లేదని నేను అర్థం చేసుకున్నాను. ఈ హాస్టల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పోస్టు రానివాళ్లు కూడా లేచి సాక్ష్యం చెప్తారు. నేనూ చెప్పాను. "నాకు పోస్టు రాలేదు. నేను అయిదో పిచ్చుకనని తెలిసింది" అన్నాను. ఇంకా ఏదో చెబుదామనుకున్నాను గానీ అంతే వచ్చింది. చిన్నప్పుడు కన్ఫర్మేషన్ క్లాసులో నేర్చుకున్న ఎఫెసీ పత్రిక వచనం, మీరు కృపచేతనే రక్షింపబడ్డారు, ఇది మీవలన కలిగింది కాదు అన్నది, లూథరన్ ఇళ్లల్లో పుట్టిన మాకు పాలతో పట్టిన మాట. అది మెరిట్ లిస్టులో పేరు లేని నాకోసమే రాసిన మాట అని ముప్పై దాటాక తెలిసింది.

దీనివల్ల ఏం మారిందని అడుగుతారు. రెండు చెప్తాను. ఆ తర్వాత ఉద్యోగం కోసం వెళ్లిన ఒక ప్రైవేటు స్కూల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టాలన్నారు. ఇంతకుముందైతే తల ఊపి ఇచ్చేసేదాన్ని, ఎవరో ఒకరు పిలిచి ఉద్యోగం ఇవ్వడమే ఎక్కువ అనుకునేదాన్ని. ఈసారి "కుదరదండీ, జిరాక్సులు ఇస్తాను, ఒరిజినల్స్ చూసి ఇచ్చెయ్యండి" అన్నాను. ఒప్పుకోలేదు. నమస్కారం పెట్టి లేచి వచ్చేశాను. ఇంకో చోట దొరికింది, జీతం దానికంటే కాస్త తక్కువే, సర్టిఫికెట్లు మాత్రం నా బీరువాలోనే ఉన్నాయి. రెండోది, "అమ్మాయికి పోస్టు వస్తే మాట్లాడుకుందాం" అని కబురు పంపి మూడేళ్లుగా వేలాడదీసిన సంబంధం. ఆ మాట మీద ఇంక ఎదురుచూడొద్దని నాన్నకి నేనే ఫోన్ చేసి చెప్పాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరేలేమ్మా, తిన్నావా?" అన్నారు. డీఎస్సీకి ఇప్పటికీ చదువుతున్నాను. పోస్టు కావాలి, కావాలని రోజూ ప్రార్థిస్తాను. ఎర్ర పుస్తకంలో నా పేజీలో ఆ లైను అలాగే ఉంది.

క్రైస్తవులు కాని పిల్లలు అడిగే ప్రశ్నకి జవాబు: ప్రార్థనకి రావడం తప్పనిసరి కాదు. ఎనిమిదింటికి ఎవరి గదిలో వాళ్లు చదువుకోవచ్చు. మా ఒంగోలు పిల్ల శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, తన టేబుల్ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. శనివారం తనకి గుడ్డు తగలని గరిటెతో విడిగా వడ్డించమని అమ్మగారే వంటమనిషికి చెప్తారు. రంజాన్ నెలలో పై అంతస్తులో ఉండే ఇద్దరు పిల్లలకి తెల్లవారుజామున అన్నం, కూర డబ్బాల్లో పెట్టి ఉంచుతారు. ఎవర్నీ మతం మారమని అడగగా నేను చూడలేదు. ఎర్ర పుస్తకంలో అందరికీ పేజీ ఉంటుంది, వద్దన్నవాళ్లకి రాయరు. ఇప్పటిదాకా వద్దన్నవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలీదు గానీ, ఒంగోలు పిల్ల మాత్రం వాళ్ల నాన్న షుగరు గురించి రాయమని తనే వెళ్లి అడిగింది.

ఇబ్బందులు ఉన్నాయి. అంతస్తుకి రెండే బాత్రూములు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా క్యూ తప్పదు, పరీక్ష ఉన్న రోజు అయిదింటికే లేవండి. గీజరు లేదు, చలికాలంలో హీటరుతో బకెట్టు నీళ్లు కాచుకోవాలి, అదీ వంతులవారీగా. పై అంతస్తు గదులు మేలో నిప్పుల కొలిమి. కూలరు పెట్టుకోనిస్తారు, కరెంటు ఖర్చు వేరే. దోమలు బాగా ఎక్కువ, మంచానికి దోమతెర కట్టుకోవాల్సిందే. గేటు రాత్రి ఎనిమిదిన్నరకి వేస్తారు. కోచింగ్ ఆలస్యమయ్యేవాళ్లు ముందే ఐడీ కార్డు చూపిస్తే తొమ్మిదింపావు దాకా ఆగుతారు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకి ఇది సరిపోదు. ప్రార్థనలో పాట పాడేటప్పుడు మొదటి అంతస్తు గదుల వాళ్లకి చదువు సాగదు, ఆ పావుగంట డాబా మీదికి వెళ్లిపోవడం మేలు. అమ్మగారికి వయసు మీద పడింది, మోకాళ్ల నొప్పులు. పై అంతస్తు ఎక్కి చూడటం తగ్గింది. దాంతో పైన బాత్రూములు కడిగే మనిషి ఒక్కోరోజు ఎగ్గొడుతుంది. ఈ మాట ఆవిడతోనే చెప్పాను, ఆవిడ కోడలికి అప్పజెప్పారు, ఇప్పుడు కొంచెం నయం.

ఏసీ గది, అటాచ్‌డ్ బాత్రూమ్, సొంత ఏకాంతం కావాలనుకునేవాళ్లకి లక్ష్మీపురం వైపు వేరే హాస్టళ్లున్నాయి, డబ్బు పెట్టగలిగితే అక్కడ చూసుకోండి. మార్కుల గోల నుంచి కాస్త ఊపిరి తీసుకునే ఇల్లు కావాలనుకునేవాళ్లకి ఇది నా ఓటు, అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే బాత్రూముల కోసం.

ఖాళీలు ఎక్కువగా పరీక్షలు అయిపోయాక, జూన్ జూలైల్లో వస్తాయి. ఫోన్లో బుకింగ్ తీసుకోరు. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లండి, అంతకుముందు ఆవిడ వంటింట్లో ఉంటారు. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, ఒక నెల అడ్వాన్సు. ఎర్ర పుస్తకం తెరిచి అడిగినప్పుడు ఉద్యోగం ఒక్కటే చెప్పి ఆగకండి, మీ సంగతి కూడా చెప్పండి.